పాడమని అడగని మనిషి

మా ఆయన నడిపే పాటల లేబుల్ పేరు ఇక్కడ రాయను. నా చేత్తో దానికి ప్రచారం చెయ్యడం నాకిష్టం లేదు. వారమంతా ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు. ఆదివారం వచ్చిందంటే రికార్డర్ సంచీ భుజాన వేసుకుని ఊళ్ళ మీద పడతారు. ఎవరో ఒకరు పాడింది పట్టుకొచ్చి, మా వెనక గదిలో తలుపేసుకుని కూర్చుని సరిచేసి, కాసిని క్యాసెట్లు వేసి, తర్వాత నెట్‌లో పెడతారు. దాన్ని రిలీజ్ అంటారు.

ఈ రోజుల్లో క్యాసెట్లు ఎవరు కొంటారని నన్నడగొద్దు. వన్ టౌన్‌లో ఆయన చిన్ననాటి స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. వాళ్ళ నాన్నగారిది ఒకప్పుడు క్యాసెట్ల హోల్‌సేల్ కొట్టు. ఇప్పుడు అదే కొట్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు గానీ, వెనక గోడౌన్‌లో ఖాళీ క్యాసెట్లు అట్టపెట్టెల్లో అలాగే పడి ఉన్నాయి. ఆయనకు ఆ పెట్టెలు ఖాళీ కావాలి, మా ఆయనకు లేబుల్ కావాలి. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. మధ్యలో నేను ఎందుకున్నానో ఇద్దరికీ తెలీదు.

ఇంతవరకూ వచ్చిన రిలీజుల్లో ఒక్కదాంట్లోనూ నా గొంతు లేదు. నా కడుపుమంటంతా అదే. మొదట్లోనే చెప్పేస్తున్నాను, మళ్ళీ మీరు వేరే కారణాలు వెతుక్కోకుండా.

నేను పాడతాను. స్కూల్లో చెప్పేది లెక్కలే అయినా పాడతాను. మా పెళ్ళిచూపుల్లో మా ఆయన వాళ్ళ పెద్దమ్మగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఏదమ్మాయ్, ఒక పాట పాడు" అన్నారు. నేను ఒక కీర్తన పాడాను. పెద్దమ్మగారు తల ఊపారు, మా అమ్మ కళ్ళు తుడుచుకుంది, ఆయన నా మొహం చూడకుండా చాప వైపు చూస్తూ కూర్చున్నారు. పాటకే ఒప్పుకున్నారని మా వాళ్ళంతా అన్నారు, నేనూ అదే అనుకున్నాను. నిజానికి ఆ రోజు కోసం రెండు పాటలు సిద్ధం చేసుకున్నాను. రెండోది మా అమ్మమ్మ నేర్పిన పడవ పాట. కీర్తన కంటే అదే నాకు బాగా వచ్చు. ఇంకోటి పాడమని ఎవరైనా అంటారని చూశాను. ఎవరూ అనలేదు. ఈలోగా పెట్టుపోతల మాటల్లో పడ్డారు.

పెళ్ళయిన కొత్తలో ఇంట్లో పాడుకుంటూ పని చేసుకునేదాన్ని. కూరలు తరుగుతూ, ఇస్త్రీ చేస్తూ, పేపర్లు దిద్దుతూ. తర్వాత ఆయన రికార్డర్ కొన్నారు. కొన్న రోజు దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, బొమ్మ కొనుక్కున్న పిల్లాడిలా మీటలు నొక్కుతుంటే, నేను పమిట సర్దుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అడుగుతారు కదా అని. అడగలేదు. మర్నాడూ అడగలేదు. సరే, అడిగేదాకా ఈ ఇంట్లో నోరు విప్పకూడదు అనుకున్నాను. ఆ రోజు నుంచి మా వంటింట్లో మిక్సీ తప్ప ఏదీ పాడలేదు.

మొదటి రిలీజ్ పామర్రు దగ్గర ఒక పెద్దావిడది. ఊడుపు పాటలు. ఆవిడ కోసం ఆయన వరుసగా ఎన్నో ఆదివారాలు వెళ్ళారు. వెళ్ళి ఏం చేసేవారంటే, ఊరికే అరుగు మీద కూర్చునేవారట. ఆవిడ పెట్టిన జంతికలు తినడం, ఆవిడ గేదె గురించి వినడం, చీకటి పడే ముందు లేచి రావడం. ఒక ఆదివారం ఆవిడ మనవరాలికి జడ వేస్తూ తనంతట తను ఎత్తుకుంది. అప్పుడు రికార్డర్ నొక్కారు. "వెనకాల గేదె అరుపు కూడా ఎంత బాగా కుదిరిందో విను" అని హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టారు. గేదెకున్న అదృష్టం కూడా నాకు లేదనుకున్నాను.

రెండోది వన్ టౌన్ స్నేహితుడి నానమ్మగారిది. పెళ్ళికూతురికి పసుపు రాసేటప్పుడు పాడే పాటలు, సగం ఉర్దూ సగం తెలుగు. ఆవిడకు ఎనభై దాటాయి, మంచం మీద నుంచి లేవలేరు. ఆవిడ మీద కూడా ఏడ్చానంటే నా సంగతి మీరే అర్థం చేసుకోండి. ఆ క్యాసెట్ అట్ట మీద రాయడానికి ఆవిడ గురించి నాలుగు మాటలు నా చేతే రాయించారు. "తేనెలూరే గొంతు" అని రాసి, కొట్టేసి, "నిండైన గొంతు" అని రాశాను. తేనె ఎందుకో ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు.

వాళ్ళ లేబుల్‌కి ఒక పద్ధతి ఉంది. క్యాసెట్ తయారైన రోజు, పాడినవాళ్ళ ఇంటికి వెళ్ళి, పాడిన చోటే ముందు వాళ్ళకు వినిపించాలి. వాళ్ళు సరే అన్నాకే నెట్‌లో పెట్టాలి. వెళ్ళేటప్పుడు ఒక బందరు లడ్డూల పెట్టె పట్టుకెళ్తారు. పాడినవాళ్ళు సగం ఉంచుకుని సగం తిరిగి ఇస్తారు, ఆ సగం మా ఇంటికి వస్తుంది. నాకు ఆ లడ్డూలంటే ప్రాణం. అయినా ముట్టేదాన్ని కాదు. "ఏం, వద్దా?" అనేవారాయన. "షుగర్ వస్తుందేమోనని భయం" అనేదాన్ని.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఓర్చుకున్నాను. కానీ కంకిపాడు దోసెలావిడ దగ్గర నా ఓర్పు అయిపోయింది.

కంకిపాడు సెంటర్‌కి కాస్త అవతల ఒక టిఫిన్ బండి. ఆవిడది సుమారు నా వయసే. పెనం మీద పిండి తిప్పుతూ పాడుతుందట, ఎవరి పాటో కాదట, తను కట్టుకున్నదేనట. మా ఆయన ఆదివారం ఉదయమే అక్కడికి వెళ్ళేవారు. ఇంటికొచ్చాక చొక్కా అంతా కాలిన నెయ్యి వాసన. మా ఇంట్లో దోసె అంచు కాస్త నల్లబడితే చాలు పక్కన పెట్టే మనిషి, "ఆవిడ దోసె కొంచెం మాడితేనే రుచి" అన్నారొకసారి. ఆ మాట అన్నప్పుడు నా చేతిలో అట్లకాడ ఉంది. దేవుడు ఉన్నాడనడానికి ఆ రోజు ఏమీ జరక్కపోవడమే సాక్ష్యం.

అందుకే ఆవిడ క్యాసెట్ వినిపించే రోజున, "నేనూ వస్తున్నా" అన్నాను. ఆయన సంబరపడిపోయి ఇంకో హెల్మెట్ తుడిచి ఇచ్చారు.

ఆవిడ నేను ఊహించుకున్నట్టు లేదు. పొట్టిగా, నుదుటి మీద చెమటతో, నన్ను చూసి చెయ్యి కొంగుకు తుడుచుకుని స్టూలు లాగి వేసింది. ఆయన పాత టేప్ రికార్డర్‌ని పచ్చడి గిన్నెల పక్కన పెట్టి నొక్కారు. ముందు పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు. బాగుంది. బాగాలేదని చెప్పుకుందామని వెళ్ళాను గానీ, ఎంత వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. ఆవిడ అట్లకాడ పట్టుకుని నిలబడి చివరిదాకా విని, "పెట్టుకోండి సార్" అంది. ఆయన లడ్డూల పెట్టె ఇచ్చి, వన్ టౌన్‌కి ఫోన్ చెయ్యడానికి రోడ్డు అవతలికి వెళ్ళారు.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరేనాండీ ఆ పాట పాడినావిడ?"

"ఏ పాట?"

"పెళ్ళిచూపుల పాటండీ. సార్ చెప్పారు. వారం వారం వచ్చి దోసె తిని ఊరికే కూర్చుని పోతా ఉంటే, నేనే అడిగా. ఏంటి సార్, పాడమంటే పాడనా, అడగొచ్చుగా అని. అప్పుడు చెప్పారండీ. మా ఆవిడ్ని చూడబోయినప్పుడు మా పెద్దమ్మ పాడమని అడిగింది, పాపం ఆ పిల్ల భయంతో పాడింది, చివర్లో గొంతు పట్టేసింది, పాడాక చాప ఈనెలు పీక్కుంటా కూర్చుంది, సంతలో వంకాయలు పుచ్చులున్నాయేమోనని తిప్పి చూసినట్టు అనిపించింది, ఇంక జన్మలో ఎవర్నీ పాడమని అడగకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా అన్నారు. మంచోరండీ మీ ఆయన."

మంచివాడే. కానీ ఆ మాట నాకు చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు చెప్పకుండా, దోసె తింటూ ఈవిడకు చెప్పారు. ముందు నాకు తట్టింది అదే. మిగతాది ఆ తర్వాత తట్టింది.

బందరు కాలువ పక్కన బండి మీద ఇంటికొచ్చాం. ఇంట్లోకి అడుగుపెట్టి, హెల్మెట్ తీయకుండానే అన్నాను.

"ఆ రోజు నాకు జలుబండీ."

"ఏ రోజు?"

"పెళ్ళిచూపుల రోజు. గొంతు పట్టింది భయంతో కాదు. ముందు రోజు తలంటుకుని తడిజుట్టుతో పడుకున్నాను. జలుబు."

ఆయన లడ్డూల పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "మరి చాప ఎందుకు పీకావు?"

"రెండో పాట కూడా అడుగుతారేమోనని. ఎంతకీ అడక్కపోతే చిరాకొచ్చి పీకాను. మీ పెద్దమ్మగారు పాడమన్నందుకు నాకు ఎంత సంతోషమేసిందో తెలుసా? నా బతుకులో నన్ను పాడమని అడిగింది ఆవిడొక్కరే."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "రికార్డర్ కొన్నాక నువ్వు ఇంట్లో పాడ్డం మానేశావు. దాన్ని చూసి బెదిరిపోయావనుకున్నా. అందుకే వెనక గదిలో పెట్టి తలుపేసేవాణ్ణి" అన్నారు.

"అడుగుతారని మానేశాను."

"అడక్కుండా పాడతావని నేను చూస్తున్నా."

అడగందే అమ్మైనా పెట్టదని అందరికీ తెలుసు. మా ఇంట్లో ఇద్దరు చదువుకున్నవాళ్ళం, ఇద్దరికీ తెలియకపోయింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏడుపే ముందొచ్చింది. ఆయన లేచి వచ్చి నా హెల్మెట్ క్లిప్పు విప్పారు. మెల్లగా, అలవాటు లేని మాట కావడంతో కాస్త తడబడుతూ అడిగారు.

"ఆ రెండో పాట... పాడతావా?"

ఇన్నేళ్ళు ఈ ఒక్క మాట కోసమే. అప్పుడే పాడి ఉండాల్సింది. మా అమ్మమ్మ పాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన చొక్కా నుంచి నెయ్యి వాసన వచ్చింది.

"కంకిపాడులో ఎన్ని ఆదివారాలు కూర్చున్నారు?" అన్నాను.

"లెక్కపెట్టలేదు."

"నేను లెక్కల టీచర్ని. పెట్టాను. పామర్రువీ పెట్టాను. అన్ని ఆదివారాలూ ఇక్కడా కూర్చోండి. ఆ తర్వాత చూద్దాం."

ఆయన వెనక గదిలోంచి రికార్డర్ తెచ్చి, వంటింటి గుమ్మం దగ్గర చాప పరుచుకుని కూర్చున్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం అక్కడే ఉంటున్నారు. వన్ టౌన్ స్నేహితుడు ఫోన్ చేసి, "ఏంటి వదినా, మావాణ్ణి ఇంట్లో కట్టేశారంట?" అని నవ్వాడు. నవ్వనీ. మాడిన దోసె పెడుతున్నాను, నోరెత్తకుండా తింటున్నారు. ఇంతవరకూ ఆ రికార్డర్‌లో పడింది కుక్కర్ విజిళ్ళు, పాలవాడి మీద నా కేకలు.

మొన్న లడ్డూల పెట్టె కొని తెచ్చి, విప్పకుండా ఫ్రిజ్ మీద పెట్టారు. ఎవరికోసమని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. కూర్చోవాల్సిన ఆదివారాలు ఇంకా చాలానే ఉన్నాయి. అన్నీ కూర్చోబెట్టే ఓపిక నాకుందో లేదో తెలీదు. నిన్న శనివారం మాత్రం తలంటు మానేసి, గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు వేసుకుని గొంతు పుక్కిలించి పడుకున్నాను.