సైకిల్ మీద యాత్ర, సంఘంలో సాక్ష్యం

"సైకిల్ తొక్కితే రక్షణ వస్తుందా సిస్టర్?" అని మా సంఘపెద్ద అంకుల్ అందరి ముందూ అడిగారు.

"కార్లో వెళ్తే వస్తుందా అంకుల్?" అన్నాను.

నవ్వినవాళ్లు వెంటనే నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. డెన్వర్‌లో అమెరికన్ల ఆరాధన ముగిశాక మధ్యాహ్నం మా తెలుగు క్రైస్తవ సంఘానికి అద్దెకిచ్చే చర్చి హాలు అది. నేను సంఘంలోనే పుట్టి పెరిగినదాన్ని. బైబిల్ వాక్యం నాకు అన్నంతోపాటు పెట్టారు. ఆ హాలు వెనక గదిలో ఏళ్లుగా పిల్లలకు సండే స్కూల్ చెబుతున్నాను.

డెన్వర్‌కు దక్షిణాన శాన్ లూయిస్ లోయలో పాత తీర్థయాత్ర బాట ఒకటుంది. అక్కడి స్పానిష్ కుటుంబాలు ఈస్టర్‌కు ముందు కొండమీది ప్రార్థనాలయానికి తరతరాలుగా నడిచి వెళ్తున్నాయి. లోయ పక్కనున్న పర్వతాల పేరుకే క్రీస్తు రక్తమని అర్థం. ఆ బాటన ప్రార్థిస్తూ సైకిల్ మీద వెళ్లాలనుకున్నాను. అంతే.

"అది క్యాథలిక్కులది. బొమ్మలుంటాయి. మీరు వెళ్తే మాత్రం సండే స్కూల్ ఇంకొకరికి ఇచ్చేస్తాం" అన్నారు అంకుల్.

శనివారం సైకిల్‌ను కార్లో వేసుకుని వెళ్లాను.

లోయ బల్లపరుపుగా ఉంటుంది కదా, తేలికే అనుకున్నాను. అంత ఎత్తులో ఊపిరి అందదు. ఎదురుగాలికి పల్లంలో కూడా తొక్కకపోతే సైకిల్ ఆగిపోతోంది. పాడుతున్న కీర్తనల్లో సగం గాలే తినేసింది. దిగి నడుద్దామనిపించినప్పుడల్లా అంకుల్ ముఖం గుర్తొచ్చింది. దిగలేదు. భక్తి కొంత, పంతం కొంత. దేవుడు రెండూ చూశాడు, పరవాలేదు.

కొండ మొదట్లో ఒక ముసలావిడ బూట్లు విప్పి రాయి మీద కూర్చుని ఉంది. నాది ఏ చర్చి అని అడగలేదు. కొడుకు జైల్లో ఉన్నాడని, వాడికోసం ప్రార్థించమని ఇంగ్లిష్‌లో అడిగింది. మా సంఘంలో తలమీద కొంగు లేనిదే ఆడవాళ్లు ప్రార్థనకు నోరు విప్పరు. నా దగ్గర చున్నీ కూడా లేదు. హెల్మెట్‌తోనే రోడ్డు పక్కన మోకరించి తెలుగులో ప్రార్థించాను. ఆవిడకు చివరి ఆమేన్ ఒక్కటే అర్థమైంది. గట్టిగా అంది. తర్వాత ఇద్దరం కలిసి కొండెక్కాం, నేను సైకిల్ నెట్టుకుంటూ.

ఆదివారం సాక్ష్యాల సమయంలో, దేవుడు తమకు చేసింది ఎవరికి వారు అందరి ముందూ చెప్పే వేళ, లేచాను. మా దగ్గర సాక్ష్యానికి నిలబడినవాళ్లను కూర్చోమనరు. నచ్చకపోతే "స్తోత్రం!" అని గట్టిగా అని పాట ఎత్తుకుంటారు. నేను హెల్మెట్‌తో ప్రార్థించిన సంగతికి రాగానే అంకుల్ "స్తోత్రం! స్తోత్రం!" అన్నారు. కీబోర్డ్ మోగింది.

"స్తోత్రమే అంకుల్, కానీ ఇంకా అవ్వలేదు" అని గొంతు పెంచాను.

కీబోర్డ్ ఆగింది. చివరిదాకా చెప్పి, జైల్లో ఉన్న ఆ కొడుకు కోసం ప్రార్థించమని సంఘాన్ని అడిగాను. ముందు వరసలో ఒక ఆంటీ కొంగు తలమీదికి లాక్కున్నారు. వెనక ఇంకొకరు.

ప్రసంగం మొదలవగానే పిల్లల్ని తీసుకుని వెనక గదికి నడిచాను. గుమ్మానికి అడ్డంగా అంకుల్.

"ముందే చెప్పాను కదమ్మా, ఇక క్లాస్ మీది కాదని."

"మీరిచ్చిందైతే తీసుకోండి అంకుల్. ఇది నాకు దేవుడిచ్చింది. జరగండి, పిల్లలు నిలబడి ఉన్నారు."

ఆయన జరగలేదు. ఆ రోజు పాఠం అబ్రాహాము, ఎక్కడికో తెలియకుండానే బయలుదేరినవాడు. పిల్లల్ని అక్కడే కారిడార్‌లో, ఆయన కాళ్ల ముందు, కార్పెట్ మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను.