తలుపు వెనక మూరెడు గోడ

నా చిన్నప్పుడు మా ఇంటి గోడలు బెల్లం తినేవి. వాటికి పెట్టమని పంపిన బెల్లంలో సగం నేనే తిన్నాను. ఇంతవరకు చెప్తే అందరూ నవ్వుతారు. మనవలకు కూడా ఇంతవరకే చెప్పి నవ్వించి, మిగతాది మింగేస్తూ వచ్చాను. ఆ మిగతాదే ఇప్పుడు రాస్తున్నాను.

మా పాత ఇల్లు శేరిలింగంపల్లి పాత బజారులో ఉంది. ఇప్పుడు దాని మేడ మీద నిలబడితే చుట్టూ అద్దాల ఆఫీసులే కనిపిస్తాయి. అప్పుడు బజారంతటికీ మాదే పెద్ద మేడ. వీధి వైపు టేకు స్తంభాలు, పైన సున్నంతో తీర్చిన కమానులు, కమానుల మధ్య చేత్తో మలిచిన లతలు, పువ్వులు. మా తాతయ్యకు తాత కట్టించాడట. నాకు ఎనిమిదేళ్లప్పుడు వరసగా రెండేళ్లు వానలు గట్టిగా కురిసి, గోడల పూత పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మా నాన్న సిమెంటు పూయిద్దామన్నాడు. ఆ కమానులు కూడా కొట్టేసి ముందు భాగం కొత్త ఇళ్లలాగా నున్నగా చేయిద్దామన్నాడు. తాతయ్య ససేమిరా అన్నాడు. మట్టి, రాయి, సున్నం కలిపి కట్టిన గోడ మీద సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేక గోడ లోపలే పాడవుతుందని ఆయన వాదన. నెల రోజులు ఇంట్లో అదే గొడవ. చివరికి మేడ మీది గది ఒక్కటి పాత పద్ధతిలో చేయించి చూద్దామనుకున్నారు. అది నిలిస్తే ఇల్లంతా అలాగే చేయించాలి. నిలవకపోతే సిమెంటు వస్తుంది, కమానులు పోతాయి.

పని కోసం పాలమూరు వైపు నుంచి ఒక మేస్త్రి, ఆయన తల్లి వచ్చారు. గోడకు పూసేది కొడుకు, సున్నం కలిపేది తల్లి. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్లం. సున్నంలో నాని నాని ఆమె వేళ్ల కొసలు తెల్లగా, గరుకుగా ఉండేవి. పెరట్లో ఒక పెద్ద కుండలో కరక్కాయలు, బెల్లం నానబెట్టి రోజుల తరబడి ఊరనిచ్చేది. ఆ ఊట పోసి సున్నాన్నీ ఇసుకనూ రోకలితో దంచి, వెన్నలాగా అయ్యేదాకా బండ మీద నూరేది. అదే డంగు సున్నం. గోడకు పట్టు ఇచ్చేది బెల్లమేనని, అందులో లోటు చేస్తే గోడ నిలవదని ఆమె చెప్తుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని.

బెల్లం మా నానమ్మ సామాన్ల గదిలో ఉండేది. పనివాళ్లు పెరటి మెట్ల మీదుగా మేడ ఎక్కడమే తప్ప ఇంటి లోపలికి రాకూడదు, నానమ్మ పెరట్లోకి దిగదు. ఆ రోజుల మర్యాద అది. అందుకని సాయంత్రం పూట నానమ్మ గిన్నె నిండా బెల్లం పెళ్లలు పెట్టి నా చేతికిచ్చేది, నేను తీసుకెళ్లి అవ్వకు ఇచ్చేదాన్ని. లోపలికీ పెరటికీ మధ్య చీకటి నడవా ఒకటి ఉండేది. నా దొంగతనమంతా అక్కడే.

మొదటి రోజు ఒక్క ముక్క. నాలుగో రోజుకు రెండు పెళ్లలు గౌను జేబులోకి వెళ్లాయి. అంత బెల్లం ఒక్క నా కడుపుకే అక్కర్లేదు. మర్నాడు బళ్లో పంచేదాన్ని. అంతకు ముందు నన్ను ఆటకు పిలవని పెద్ద పిల్లలు కూడా నా చుట్టూ చేరారు. ఆ వైభవం నాకు బెల్లం కన్నా తియ్యగా ఉండేది, అది మాత్రం ఒప్పుకోవాలి. అవ్వ గిన్నె చూసి ఏమీ అనేది కాదు. ఒక రోజు మాత్రం కుండలో చెయ్యి పెట్టి, రెండు వేళ్ల మధ్య ఊటను రాసి చూసి, “ఊట పలచగున్నది బిడ్డా, జర ఎక్కువ పంపుమని మీ నానమ్మకు చెప్పు” అంది. చెప్తానన్నాను. చెప్పలేదు. రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగింది. అప్పుడూ చెప్పలేదు.

గది పూత అయిపోయింది. పది పదిహేను రోజులు ఆరనిచ్చి, ఒక ఉదయం ఇంటిల్లిపాదీ మేడ మీదికి ఎక్కాం. చూడ్డానికి గోడ గుడ్డు పెంకులాగా ఉంది. మా నాన్న దగ్గరికి వెళ్లి అరచేత్తో రుద్దాడు. చెయ్యంతా తెల్లటి పొడి. ఇంకోచోట గోటితో గీకాడు. పెచ్చు లేచి వచ్చింది. “నేను ముందే చెప్పిన. ఇగ సిమెంటు తెప్పిస్త” అన్నాడు. తాతయ్య కిటికీలోంచి ఆ కమానుల వైపు చూడటం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మేస్త్రి ముఖం పాలిపోయింది. తన చేతి మీద ఇలాంటిది ఎన్నడూ జరగలేదని, బెల్లం తక్కువైతే తప్ప గోడ ఇట్లా పొడి రాలదని అన్నాడు. దాంతో నానమ్మకు రోషం వచ్చింది. తాను రోజూ గిన్నె నిండా పంపానంది. అబద్ధం కాదు. వచ్చిందంతా కుండలోనే వేశానని అవ్వ అంది. అదీ అబద్ధం కాదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, మధ్యలో నేను నిలబడి ఉన్నాను, నా వైపు ఒక్కరూ చూడలేదు. ఇంటి పిల్లను ఎందుకు చూస్తారు? అందరి చూపూ అవ్వ మీదికే వెళ్లింది.

“నీ మూట ఇప్పు” అంది నానమ్మ.

అవ్వ కిందికి వెళ్లి మూట తెచ్చి, మా అందరి ముందు నేల మీద పెట్టి ముడి విప్పింది. రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, కాగితంలో కొంచెం ఉప్పూకారం. అంతే. మేస్త్రి తల తిప్పుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి గౌను జేబు మీదికి పోయింది. దాచుకున్న బెల్లంలో మిగిలిన చివరి ముక్క అందులోనే ఉంది. చీమలు బారు కట్టి జేబు దగ్గర పాకుతున్నాయి.

అవ్వ చూసింది. మూట కట్టుకుంటూ నా దగ్గరికి జరిగి, ఆ గరుకు వేళ్లతో నా గౌను దులిపి, “చీమలు కుడతయి బిడ్డా” అని మెల్లగా అంది. లేచి మా నానమ్మ వైపు తిరిగి, “తప్పు నాదే అమ్మా. పాళ్లు తప్పిన. ఒక్కపారి మళ్ల చేస్తం, గప్పుడు గూడ నిలవకుంటే మీ ఇష్టం” అంది. తాతయ్య వెంటనే సరేనన్నాడు.

మర్నాటి నుంచి గిన్నె అందుకుని అవ్వ నన్ను వెళ్లనిచ్చేది కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, నా చేతులతోనే బెల్లం చితక్కొట్టించి, నా చేతులతోనే కుండలో వేయించేది. తిట్టలేదు, బెదిరించలేదు. ఒక రోజు మాత్రం అంది. “గోడకు నోరు లేదు బిడ్డా. దాని తిండి మనం తింటే ఎవ్వరికి చెప్పుకుంటది? వానొచ్చినప్పుడు రాలుతది, గంతే.” నేను తల వంచుకుని బెల్లం కొడుతూ కూర్చున్నాను. బెల్లం వాసనంటే ఆ రోజు నుంచే నాకు పడదు.

మేస్త్రి పాత పూతంతా చెక్కేసి కొత్తగా పూశాడు. తలుపు వెనక, నా ఎత్తున, ఒక మూరెడు చోటు మాత్రం అవ్వ చెక్కనివ్వలేదు. నన్ను పిలిచి చూపించింది. “గిది నీ జాగా. నువ్వు మీ నానమ్మకు చెప్పిన రోజు నాకు కబురు పెట్టు. నేనే వచ్చి పూసి పోత.”

ఈసారి గోడ నిలిచింది. తర్వాత ఇల్లంతా నిలిచింది. కమానులు, లతలు, పువ్వులు అన్నీ దక్కాయి. పని పూర్తయిన రోజు నానమ్మ మేస్త్రికి ధోవతి పెట్టింది, పనికి నీళ్లు మోసిన కూలామెకు కూడా చీర పెట్టింది. అవ్వకు పెట్టలేదు. కారణం కూడా చెప్పలేదు, బెల్లం దొంగ ఆమేనని అందరూ నమ్మారు కాబట్టి. అవ్వ పెరటి గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. చీర కోసం కాదని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. నేను నానమ్మ కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తేలు కుట్టిన దొంగలాగా నిలబడిపోయాను. ఆమె వెళ్తూ వెళ్తూ నా తల నిమిరి వెళ్లింది.

రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. నానమ్మ పోయేదాకా చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి ఎవరున్నారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి సాకులు తక్కువా? ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. ఇంట్లో ఏదైనా కనిపించకపోతే పనామె వైపు చూడను, ఎవరినీ చూడనివ్వను. ముందు నా జేబు, తర్వాత నా వాళ్ల జేబులు. మా కోడళ్లు నన్ను చాదస్తం మనిషినంటారు. అననీ.

ఈ మధ్య తమ్ముడూ నేనూ కలిసి ఆ ఇంటికి మళ్లీ మరమ్మతు మొదలుపెట్టాం. పాత ఇళ్లను పాతవిగానే నిలబెట్టే పని తెలిసిన ఆర్కిటెక్టు అమ్మాయి చూసుకుంటోంది. కాకినాడ వైపు పిల్ల, మహా శ్రద్ధ. మొన్న నన్ను మేడ మీదికి పిలిచి తలుపు తీసి చూపించింది. “అమ్మగారూ, గోడంతా రాయిలాగా ఉందండీ. ఈ కాస్త చోటే ఇలా పొడి రాలుతోంది. తేమ కూడా లేదండీ. ఎందుకో అర్థం కావట్లేదు” అంది.

చెప్పాను. అరవై ఏళ్లుగా నాలో ఉన్నదంతా ఆ చిన్నపిల్ల ముందు, సున్నం దుమ్ములో నిలబడి చెప్పాను. చెప్తుంటే చెవులు కాలిపోయాయి, ఎనిమిదేళ్ల పిల్లకు కాలినట్టే. ఆమె, “అయితే ఇప్పుడు పూసేయమంటారా అండీ?” అని అడిగింది.

అవ్వ పెట్టిన షరతు ఒక్కటే, నానమ్మకు చెప్పడం. చెప్పాల్సిన నానమ్మ లేదు, కబురు పెడితే వచ్చి పూస్తానన్న అవ్వా లేదు. ఆమె ఊరి పేరు కూడా నేను ఏనాడూ అడగలేదు.

వద్దమ్మా, అలాగే ఉండనీ అన్నాను. ఆ మూరెడు చోటు ఇప్పుడు నా గుండెల ఎత్తుకు వస్తుంది. అరచెయ్యి ఆనించి తీస్తే తెల్లటి పొడి అంటుకుంది. దులుపుకోకుండానే మెట్లు దిగాను.