గుడ్లు పెట్టిన స్క్విడ్ బేరం

కోదాడ చేపల అంగట్లో, అమ్మేవాడే వద్దంటున్న స్క్విడ్‌ను పట్టుబట్టి సగం ధరకు తెచ్చిన మొనగాణ్ణి నేను.

ఆ అంగడి మా తోడల్లుడిది. నేను మిర్యాలగూడలో నాన్న బియ్యం కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. బియ్యం పాతబడితే ధర పెరుగుతుంది కనుక ఏ సరుకైనా అంతేనని నా నమ్మకం. తోడల్లుడు కాకినాడ నుంచి ఐసు పెట్టెల్లో సముద్రపు సరుకు తెప్పించడం మొదలుపెట్టాక, సూర్యాపేటలో మా అత్తగారి నోట చిన్నల్లుడి మాట తప్ప మరొకటి రాలేదు. ఆదివారం ఆమెకు స్క్విడ్ వండిపెట్టి, ఒక్కసారైనా ఆ నోట నా మాట పలికించాలనుకున్నాను. కొనేది మాత్రం ఆయన దగ్గరే. చుట్టాలకు తగ్గిస్తాడు కదా.

నేను వెళ్లేసరికి గిరాకీలకు కథలు చెబుతున్నాడు. స్క్విడ్‌కు మూడు గుండెలట, నీలం నెత్తురట. ఆ గుంపును చూసి నాకున్న ఒక్క గుండే భగ్గుమంటోంది. మూడుంటే అక్కడే బూడిదయ్యేవాణ్ణి.

పెట్టెలో అన్నిటికన్నా పెద్దదాన్ని చూపించాను.

"అది వద్దన్నా. గుడ్లు పెట్టేసింది. సత్తువంతా గుడ్లకే పోయింది, కండ నీళ్లయింది. ఈ చిన్నవి తీస్కో."

"పెద్దదంటే పాతది గదా. ఎన్నేండ్లుంటది?"

"ఏడాది బతికితే ఎక్కువ. చిన్న చేపల్ని తింటది, దొరక్కపోతే తన జాతినే తింటది. గబగబా పెరిగి, గుడ్లు పెట్టి చచ్చిపోతది. సముద్రంలో నిరుటి మిగులుండదన్నా. ఈ ఏటి గుడ్లే వచ్చే ఏటి సరుకు."

నిరుటి మిగులు లేని సరుకుంటుందా? పెద్దది ఇంకెవరికో దాస్తున్నాడనుకున్నాను.

"నాకే బేరం నేర్పుతున్నవా? సగానికియ్యి, లేకుంటే పోత."

ఆయన నవ్వి, తూచకుండానే సంచిలో వేశాడు.

సూర్యాపేటలో నేనే వండాను. అత్తగారు ఒక ముక్క చాలాసేపు నమిలారు.

"ఇదేంది అల్లుడా, తడిగుడ్డ నమిలినట్టున్నది? మొన్న చిన్నల్లుడు తెచ్చినయి ఎంత మంచిగుండె! జర ఆయన్నడిగి తేకపోయినవా?"

అడిగే తెచ్చానన్న మాట మింగేసి, ఆమె కంచంలో పచ్చడి వేశాను.

ఇక లెక్క. బస్సు కిరాయి నాది, నూనె నాది, మసాలా నాది. మెప్పు ఆయనది. స్క్విడ్ సగం ధరన్నాను కదా, అదీ అబద్ధమే. గుడ్లు పెట్టినదాన్ని అమ్మితే అంగడి పరువు పోతుందని ఆయన పైసా తీసుకోలేదు.