నాలుగో చరణం ఎక్కడికి పోయింది

2023 జూలై. సిడ్నీలో బ్లాక్‌టౌన్ దగ్గర మా ఇల్లు. భోజనాల బల్లే నా ఆఫీసు. తెలుగు సంఘాల సావనీర్లకు లేఅవుట్ చేస్తాను, అంటే రాతను, బొమ్మలను, ప్రకటనలను పేజీలో ఇమడ్చడం. నేను బడికి వెళ్ళలేదు. అమ్మ బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు నేర్పింది, ఈ పని మా ఆయన నేర్పారు. ఇద్దరి కోసం రోజూ ప్రార్థనలో దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను.

ఆ ఏడు పంద్రాగస్టు సావనీరులో, ఇక్కడ మేమంతా ఏటా లేచి నిలబడి పాడే దేశభక్తి గేయం ఒకటి వేయాలి. మూడు చరణాలు. ఏ సంకలనం చూసినా కింద ‘అజ్ఞాత కవి’ అనే ఉంటుంది. మాకు దగ్గర్లోనే గిరావీన్‌లో ఉండే రాజ్యం ఆంటీ మాత్రం అది వాళ్ళ నాన్నగారు రాసిందనీ, చరణాలు నాలుగనీ ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఆవిడకు ఎనభై దాటాయి. తను ఉండగా నాన్నగారి పేరు అచ్చులో చూడాలని కోరిక.

సంఘం సెక్రటరీ మూర్తి గారు మంచివారే. "మా తాతే రాశాడని మెల్‌బోర్న్‌లో ఇంకో ఇద్దరు అంటున్నారు ఆంటీ. ఆధారం చూపించండి, రేపే వేస్తాం" అన్నారు సావనీరు మీటింగులో. ఆంటీ కూతురు కూడా "లెట్ ఇట్ గో అమ్మా" అంది.

ఆవిడ నా వైపు తిరిగారు. "పేజీలు కట్టేదానివి కదా, నువ్వు చూడమ్మా" అని నాలుగో చరణం పాడారు. మొదటి మూడింట్లో కొండలు, నదులు. ఇందులో ఆ నది నుంచి ఊరేగింపు వాళ్ళకు నీళ్ళు మోసిన ఆడవాళ్ళు.

ఇక నాకు కుతూహలం పట్టుకుంది. ఏ పుస్తకం దేన్ని చూసి అచ్చు వేసిందో వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాను. అన్నీ ఒక పాత వారపత్రిక పుట దగ్గరికే చేరాయి. ఇంటర్నెట్‌లో అందరూ పంచుకునే స్కానూ అదే. మూడు చరణాలున్నాయి, పేరు లేదు. అదే పుటలో మిగతా కవితల కింద మాత్రం పేర్లున్నాయి. ఎందుకో అర్థం కాలేదు.

సావనీరు ప్రెస్‌కు పంపబోతుంటే మూర్తి గారు ఫోన్ చేశారు. హోమ్‌లోన్ వాళ్ళ ప్రకటన ఇప్పుడే వచ్చింది, ఎలాగైనా ఇరికించమన్నారు. పేజీ నిండిపోయి ఉంది. అలవాటు కొద్దీ ఒక కవిత చివరి చరణాన్ని, కవి పేరుతో సహా, వెనక పేజీలో ఉన్న ఖాళీలోకి పంపేసి అడుగున ‘తరువాయి వెనక’ అని టైప్ చేశాను. చేసి, అలాగే ఆగిపోయాను.

ఆ పత్రిక వాళ్ళూ ఇదే చేసి ఉంటే? మరి ‘తరువాయి’ అన్న మాట ఏదీ? స్కాను పెద్దది చేసి చూశాను. పుట అడుగున మార్జినే లేదు, ఆఖరి పంక్తి వత్తులు సగానికి తెగి ఉన్నాయి. లైబ్రరీల్లో సంచికలన్నీ కలిపి బైండు చేసేటప్పుడు అంచులు సమంగా కోస్తారు. దాన్ని ట్రిమ్మింగ్ అంటారు. ‘తరువాయి’ ఆ కత్తికి పోయినట్టుంది.

ఆ స్కాను వచ్చిన లైబ్రరీ సైటులో సంచిక మొత్తం తెరిచాను. ఎక్కడో వెనక, సీరియల్ అయిపోయాక మిగిలిన కాస్త జాగాలో, శీర్షిక లేకుండా, నీళ్ళు మోసే ఆడవాళ్ళు. కింద ఆంటీ నాన్నగారి పేరు. దేవా, నీకు స్తోత్రం అనుకుని ఆ పుట మూర్తి గారికి పంపాను.

"ఈ చరణం ఆంటీ ముందే పాడారా?" అని అడిగారాయన.

"మీ ఎదుటే పాడారు కదండీ."

"అప్పుడు ఫోన్ చూసుకుంటున్నానమ్మా" అన్నారు. నాలుగో చరణం, ఆంటీ నాన్నగారి పేరు వేసెయ్యమన్నారు.

పంద్రాగస్టు నాడు స్కూల్ హాల్లో మూడో చరణం కాగానే అందరూ అలవాటుగా కూర్చోబోయారు. ఆంటీ కూర్చోలేదు. సావనీరు తెరవకుండానే నాలుగోది అందుకున్నారు. కూర్చున్నవాళ్ళు మళ్ళీ లేచారు. మూర్తి గారు గబగబా పేజీ వెతుక్కుని గొంతు కలిపారు.

అప్పటి నుంచి కవి పేరు చివర పెట్టడం మానేశాను, శీర్షిక కిందే పెడుతున్నాను. చోటు చాలనప్పుడు ఎవరైనా ముందు కోసేది అడుగునే.