తాగని క్రిస్టోఫర్

క్రిస్టోఫర్ తాగడు. ఇంటర్‌లో పచ్చకామెర్లు వచ్చి మూడు నెలలు మంచాన పడ్డప్పుడు డాక్టర్ వద్దన్నాడు. అంతకు మించి నియమాలేమీ లేవు.

2004లో పాల్వంచలో డిప్లొమాలో చేరాక ఈ సంగతి హాస్టల్లో తెలిసి అతనికి గిరాకీ పెరిగింది. ప్రతి ఆదివారం అతని గదిలోని ముగ్గురూ కిన్నెరసాని ఒడ్డున కూర్చుని మధ్యాహ్నమంతా తాగేవాళ్లు. క్రిస్టోఫర్ చర్చి నుంచి నేరుగా అక్కడికి వెళ్లి, వాళ్లు నీళ్లలో దిగకుండా కాపలా కాసి, పొద్దు ఉండగానే ఒక్కొక్కరినే బండి మీద గదికి చేర్చేవాడు. దారిలో ఎవడో ఒకడు అతని చొక్కా మీద కక్కేవాడు. వాళ్లు దుప్పటి కప్పుకుని బుద్ధిగా పడుకునేవాళ్లు. అతను అదే చొక్కాతో గది కడుగుతుంటే వార్డెన్ వచ్చేవాడు.

మూడోసారి వార్డెన్ అతని తల్లి ఇన్నమ్మను పిలిపించాడు.

"మీవాడు బాగ తాగుతున్నడమ్మా. గదిల మిగతా పిల్లలను చూడు, ఎంత బుద్ధిగున్నరో."

ఇన్నమ్మ అక్కడే కొడుకు నోరు వాసన చూసింది. "తాగలే సార్."

సాక్ష్యానికి ఆ ముగ్గురిలో ఒకడైన నాగరాజును పిలిచారు. "మంచోడే సార్. ఆదివారాలే జర ఇబ్బంది" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. క్రిస్టోఫర్‌ను పదిహేను రోజులు హాస్టల్ నుంచి పంపేశారు.

"అసలు సంగతి ఎందుకు చెప్పలేదురా?" ఇంటికొచ్చాక తల్లి అడిగింది.

"చెప్తే వాళ్లను పంపిస్తరు."

"ఇప్పుడు నిన్ను పంపిండ్రు గదా?"

"అవ్."

ఆ ఆదివారం నాగరాజు బండరాయి మీంచి జారి పడ్డాడు. మిగతా ఇద్దరికీ లేచి నిలబడే ఓపిక లేదు. ఆ ఒడ్డునే మేకలు కాస్తున్న నాగక్క అనే ఆమె చూసి, రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపింది. నుదుటికి ఎనిమిది కుట్లు పడ్డాయి.

మర్నాడు సంగతి తెలిసి క్రిస్టోఫర్ దవాఖానకు వెళ్లాడు.

"నిన్న ఏడ సచ్చినవ్‌రా?" అని నాగరాజు గుడ్లురిమాడు.

ఒక్క క్షణం క్రిస్టోఫర్‌కు తనదే తప్పనిపించింది. తర్వాత ఒళ్లు మండింది. "ఇంట్ల ఉన్న. తాగుతున్ననంట, ఎల్లగొట్టిండ్రు."

నాగరాజు నవ్వబోయాడు. కుట్లు లాగి ఏడుపొచ్చింది. ఏడుపు మాత్రం చాలాసేపు ఆగలేదు. కట్టు విప్పకముందే వెళ్లి వార్డెన్‌కు అంతా చెప్పాడు. రిజిస్టర్‌లో రాసింది కొట్టేయడం కుదరదని, వార్డెన్ క్రిస్టోఫర్ పేరు పక్కన "తాగలేదు" అని రాశాడు. ఈసారి ఆ ముగ్గురూ ఇంటికి వెళ్లారు.

హాస్టల్‌కు తిరిగొచ్చాక గదిలో క్రిస్టోఫర్ ఒక్కడే మిగిలాడు. రెండో రోజే పై అంతస్తు నుంచి పూల్‌సింగ్ దిగొచ్చాడు.

"అన్నా, ఈ ఆదివారం ఖాళీనేనా?"

"నేను రాను. మీరు గూడ పోకుండ్రి."

ఆ వారం వాళ్లు వెళ్లలేదు. పై వారం సంగతి క్రిస్టోఫర్ అడగలేదు.