కుప్పం సత్రానికి సాక్ష్యం అడిగిన మనిషి

పశువైద్యులు నాగరాజప్పగారు పోయిన వారం మదనపల్లెలో హఠాత్తుగా కన్నుమూశారు. పుంగనూరులో ఆ కబురు విన్నప్పుడు నేను నమ్మలేదు. నమ్మక తప్పనప్పుడు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. మా వాదం ఇంకా తేలలేదు.

ఉద్యోగ విరమణ తర్వాత ఆయన ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసి, దిద్దుకునే తెలుగు విజ్ఞాన సర్వస్వానికి అంకితమయ్యారు. కురబలకోట నుంచి కుప్పం దాకా తాను వైద్యానికి తిరిగిన ప్రతి ఊరికీ ఒక పుట రాశారు.

కుప్పంలో సత్రాన్ని మా ముత్తాత కట్టించారని నేను అందులో ఒక వాక్యం చేర్చాను. సాయంత్రానికి తీసేశారు. ఫోన్ చేసి నిలదీశాను.

"ఆధారం యాడుండాది దొరా?" అన్నారు. ఆస్తులు పోయిన మమ్మల్ని అలా పిలిచే చనువు ఆయనొక్కరికే ఉండేది.

"మా వంశం దానం చేసి రసీదులు పుచ్చుకోలేదు డాక్టరూ."

"అది మీ ఇంట్లో సెప్పుకోండి, ఈడ కాదు. సొంతోళ్ళ గురించి సొంతోళ్ళు రాయనే కూడదు. మీరు సూపించండి, నేను రాస్తా."

మళ్ళీ చేర్చాను. ఎంతో మర్యాదగా మళ్ళీ తీసేశారు. ఆ మర్యాదే నన్ను మండించేది.

చివరికి ఆయనే నన్ను కుప్పం తీసుకెళ్ళారు. కూలిన సత్రం గోడలో సున్నం కప్పిన రాయి ఒకటి ఉంది. సున్నం గీకి, సంచిలోంచి బియ్యప్పిండి తీసి రుద్దారు. అక్షరాలు తెల్లగా తేలాయి.

"మీ తాత పేరు లేదప్పా. ఎవరీ అచ్చమ్మ?"

మా ముత్తవ్వ. నగలమ్మి కట్టించిందని రాతిలో ఉంది. మా ఇంట్లో ఆమె పేరు తద్దినం నాడు తప్ప వినపడేది కాదు.

"సంతోషమే కదా! మొగం అట్ల పెట్టినారు యాల?"

"ముత్తాత పేరు కూడా చేర్చండి."

"రాతిలో లేనిది నేను సేరిస్తే, రేపు ఇంకోడొచ్చి మీ అవ్వ పేరు గూడా తీసేస్తాడు దొరా."

పలమనేరులో టీ తాగుతూ, అచ్చమ్మకు వేరే పుట రాస్తానన్నారు. ముత్తాత లేకుండా కుదరదన్నాను. ఇద్దరమూ పట్టు విడవలేదు.

ఆయన అచ్చమ్మ పుటకు శీర్షిక మాత్రం పెట్టి వెళ్ళిపోయారు. కింద అంతా ఖాళీ. కుప్పం ఏ దిక్కున ఉందో తెలియని వారెవరో, ఖాళీ పుట గనుక తొలగించాలని దాని నెత్తిన సూచన తగిలించారు. కారణం అడిగితే నియమం చూపించారు. రాయి దగ్గరికి రమ్మంటే బదులే లేదు.

నాగరాజప్పగారూ, ఎవరికీ వంచని తల మీకు వంచుతున్నాను. సొంతవాణ్ణి గనుక ఆ పుట రాయడానికి నేను తగను. తగిన మనిషి లేరు. రేపో మాపో అచ్చమ్మను తీసేస్తారు.