ఎస్తేరు గది గోడ

2023 చలికాలం. యూనివర్సిటీలోని సివిల్ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. ఇటుకల్లో, గోడల్లో తడి ఎంత ఉందో పరీక్షించడం నా పనుల్లో ఒకటి. ఒక సాయంత్రం లైబ్రరీ క్లర్కు శాంతకుమారి గారు మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"మా ఇంట్లో ఒక్క గదే చల్లగా ఉంటోందండి. అందరూ నా మనసుకే చలి పట్టిందంటున్నారు."

ఆమెది గుంటూరు వైపు. పెళ్ళి చేసుకోలేదు. తార్నాకలో అక్క ఎస్తేరుతో కలిసి ఉండేవారు. ఆ ఏడు వానాకాలంలో అక్క గుండెపోటుతో పోయింది. అప్పటి నుంచి ఈమె అక్క గదిలో పడుకుంటున్నారు. చలి సంగతి చెబితే చర్చి వాళ్ళు ప్రార్థన చేశారు, డాక్టరు నిద్రమాత్రలు రాశారు.

శనివారం పొద్దున్నే వెళ్ళాను. గోడకు నిగనిగలాడే ఆయిల్ పెయింట్. మరక లేదు, వాసన లేదు. వేడిని రంగుల్లో చూపించే థర్మల్ కెమెరా పట్టాను. గోడంతా పసుపుగా ఉంది కానీ మంచం పక్కన మాత్రం ముదురు నీలం. అక్కడ తడి కొలిచే మాయిశ్చర్ మీటర్ సూదులు గుచ్చితే, మీటరు ముల్లు చివరి అంకెదాకా పోయింది.

"గోడ లోపల మస్తు తడి ఉన్నది మేడం. బయట ట్యాంకు పైపు కారుతున్నది. పెయింటు ఉండేసరికి లోపలికి కనిపిస్తలేదు."

"తడి ఉంటే ఇంత చలా అండి?"

"ఇటుకల సన్న సన్న రంధ్రాలుంటయి, పోర్స్ అంటం. అండ్ల గాలి ఉంటే గదిల వేడిని తొందరగ పోనియ్యది. గాలి పోయి నీళ్ళు నిండినయనుకోండి, వేడంత బయటికి గుంజుకపోతది. తడి స్వెటర్ ఏసుకున్నట్టే."

ఆమె మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఆమె మంచం మీద కూలబడ్డారు.

"పోయిన చలికాలం అక్క కూడా ఇదే అందండి. 'గోడ చలి కొడుతోందే శాంతా' అని. వయసు మీద పడింది, దుప్పటి కప్పుకో అన్నాను."

మీటరును ఒరలో పెట్టడానికి కావాలనే ఆలస్యం చేశాను.

పైపు బాగు చేయించారు. పెయింటు గీకించి, ఎండాకాలమంతా గోడను ఆరనిచ్చారు. మరుసటి చలికాలం ఆమె పిలవకపోయినా వెళ్ళి చూశాను. గోడ పూర్తిగా ఆరింది.

"ఇప్పుడు చలి లేదు కద మేడం?"

"లేదండి." గోడను అరచేత్తో తడిమారు. "చలేసినప్పుడల్లా అక్క ఏదో చెబుతున్నట్టుండేది. ఇప్పుడు ఉత్త గదే."

టీ ఇచ్చారు. లాలాపేట్‌లో నేనూ ఒక్కడినే ఉంటాను. అందుకే లేవాలనిపించక, చల్లారిపోయినా తాగుతూ కూర్చున్నాను.

ఇప్పుడు గోడ చూడటానికి ఎవరింటికి వెళ్ళినా బ్యాగు తెరవకముందే ఒక మాట అడుగుతాను. "ఇంట్ల ఇంకెవరన్న గిట్ల చెప్పిన్రా?" చెప్పారంటే, ముందు వాళ్ళు పడుకునే చోటికే వెళ్తాను.